కన్నం మూసిన చెయ్యి

గుడ్లగూబ చచ్చిపోయింది. పోయిన వారం నేను చేతిలో బకెట్టు వదిలేసి నిలబడిపోయింది అక్కడే, తోట మధ్యలో, పొడవాటి కర్ర మీద బిగించిన చెక్కగూటి కింద. తెల్లటి మొహం గడ్డిలోకి వాలిపోయి, ఒక రెక్క విసనకర్రలా విచ్చుకుని ఉంది. పైన గూట్లో దాని పిల్లలు నాలుగూ ఆకలికి బుస్సు బుస్సుమంటున్నాయి.

ఆ పక్షి మాకు ఉత్త పక్షి కాదు. జీతం అడగని కావలివాడు. మా మూడెకరాల దుంపల తోటలో పందికొక్కుల్ని వెతికి పట్టుకుపోయేది అదే. అది చావడం ఒక దిగులైతే, ఎలా చచ్చిందన్నది ఇంకో దిగులు.

ఆరేళ్ళ కిందట మా చిన్నదానికి రెండేళ్ళు. బండి కొట్టంలో కొక్కుల కోసం పెట్టిన మందు ఉండ ఒకటి నోట్లో పెట్టుకుంది. ఆ మందు పెట్టింది మా ఆయన. పిల్ల అంత దూరం నడుచుకుంటూ పోతుందని ఎవరనుకుంటారు? పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉంది. తొమ్మిదో రోజున డాక్టరు నా కళ్ళలోకి చూడకుండా మాట్లాడి వెళ్ళిపోయాక, ఆ వరండాలోనే గోడ వైపు తిరిగి దేవుడికి ఒక మాటిచ్చాను. పిల్లని నాకియ్యి, మా గేటు లోపలికి ఇంక విషం అడుగుపెట్టదు అన్నాను. ఆయన పిల్లనిచ్చాడు. నేను గేటుకి బోర్డు కట్టించాను: 'ఈ తోటలోకి విషం రాదు.' ఆ మాట నిలబెట్టుకుంటూ వచ్చాననే అనుకున్నాను, ఆ పొద్దుటి దాకా.

బకెట్టు చప్పుడుకి అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి తొంగి చూసింది. ఆవిడ చేతిలో చిన్నదాని చెయ్యి ఉంది. సబ్బు పెట్టి గోళ్ళు తోముతోంది.

"ఏమిటే ఆ చప్పుడు? ఇదిగో, నీ కూతురి వేళ్ళు చూడు. డ్రాయింగు క్లాసో ఏమిటో, గోళ్ళ నిండా నీలం. ఎంత తోమినా సగమే పోయింది."

"పిల్లని వెనక గుమ్మంలోంచి పంపించండి అత్తయ్యా. ఇటు రానివ్వకండి."

నా గొంతులో ఏం విన్నదో, ఆవిడ పిల్లని లోపలికి లాగింది. చిన్నది మాత్రం అక్కణ్ణుంచే అరిచింది.

"అమ్మా, మా స్కూలు తోటలో కూడా కన్నాలున్నాయని చెప్పాను కదా! ఇవాళ టీచరుకి మన పద్ధతి చూపిస్తా!"

"చూపించమ్మా. ముందు ఆటో వెళ్ళిపోతుంది, పో."

సంచీ గలగలలాడించుకుంటూ పరిగెత్తింది. అంత దిగుల్లోనూ నాకు కొంచెం గర్వంగా అనిపించిందని ఒప్పుకోవాలి.

మన పద్ధతి అంటే చెప్పుకోడానికి పెద్ద విద్య కాదు. సాయంత్రం పూట తడి బంకమట్టి తీసుకెళ్ళి కనబడిన ప్రతి కన్నాన్నీ మూసెయ్యాలి. మూసిన మట్టి మీద అరచెయ్యి గట్టిగా అద్దాలి. తెల్లారాక వెళ్ళి చూస్తే, లోపల కొక్కు ఉన్న కన్నం తెరుచుకుని ఉంటుంది, లేనిదాని మీద చేతి గుర్తు అలాగే ఉంటుంది. తెరుచుకున్న వాటికే పొగ పెడతాం, అవతలి గుమ్మం దగ్గర బోను పెడతాం. మడుల అడుగున సన్నకన్ను ఇనుప వల పరిచాం. పక్షులు వాలడానికి కర్రలు పాతాం. ఇవన్నీ నాకు నేర్పింది పొగ తాత. ఈ చుట్టుపక్కల ఏ తోటలో కొక్కులు లేచినా కుండలో గడ్డీ ఎండు మిరపకాయలూ వేసి పొగ పెట్టేది ఆయనే. ఇప్పుడు డెబ్బై దాటాయి. కళ్ళకి పొర కమ్మి మనుషుల్ని గొంతుతోనే పోల్చుకుంటాడు. కన్నాన్ని మాత్రం కాలి బొటనవేలితో చెప్పేస్తాడు.

పోయిన వానాకాలంలో రోజుకి యాభై ఎనిమిది కన్నాలు తెరుచుకునేవి. మడులు కుంగిపోయేవి. ఆ తర్వాత ముప్పై అయ్యాయి, పన్నెండయ్యాయి, పోయిన నెలకి ఏడయ్యాయి. ఆ సంగతి విని చుట్టుపక్కల నుంచి ఇరవై రెండు మంది చూడ్డానికి వచ్చారు. నేను నిలబడి అరగంట మాట్లాడాను. ఓపిక ఉంటే చాలు, మందు అక్కర్లేదు అన్నాను. వాళ్ళలో ఒకాయన తన ఇంట్లో ఉన్న డబ్బాని ఆ సాయంత్రమే పారేస్తానన్నాడు.

కబురు పెట్టగానే తాత వచ్చాడు. చంకలో పొగకుండ, భుజాన పొట్టి పార.

"ఏం తల్లీ, నా పొగకి కళ్ళు మండి పోయిందా నీ చుట్టం?" అన్నాడు నవ్వుతూ. నేను నవ్వకపోయేసరికి తానూ ఆపేశాడు. గడ్డిలో కూర్చుని పక్షిని ఒళ్ళోకి తీసుకున్నాడు. రొమ్ము ఎముక మీద వేలితో రాశాడు, రెక్క లాగి చూశాడు, ముక్కు తెరిచాడు.

"ఒంటి నిండా కండ ఉంది. ఆకలి చావు కాదు. రెక్కలో పట్టు ఉంది, ముసలి చావూ కాదు. నోట్లో ఈ తడేమిటి?"

"రక్తం తాతా."

"గడ్డకట్టిందా?"

"లేదు. నీళ్ళలా ఉంది."

తాత పక్షి రెక్కని దగ్గరికి మడిచి, పసిపిల్ల చెయ్యి దుప్పట్లో పెట్టినట్టు సర్దాడు.

"మందు తిన్న కొక్కుని తిన్నదమ్మా ఇది."

"మా తోటలో మందు లేదు తాతా. నీకు తెలుసు కదా. పక్క తోటలోదేమో."

"గూట్లో పిల్లలున్న తల్లి దూరం పోదు. చేతికందినదే తెస్తుంది." లేచి దుమ్ము దులుపుకున్నాడు. "ఇవాళ ఎన్ని తెరుచుకున్నాయి?"

"రెండే."

"మిగతావి?"

"అవి చచ్చిన కన్నాలు. నెలల తరబడి చెయ్యి గుర్తు చెక్కుచెదర్లేదు."

"చూపించు."

పడమటి గట్టు వెంట వెళ్ళాం. మొదటి కన్నం దగ్గర తాత మోకాళ్ళ మీద కూర్చుని, ఎండిన మట్టి మీద వేళ్ళు పెట్టి మెల్లగా తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"నీ చెయ్యి ఇటియ్యి."

ఇచ్చాను. నా అరచేతిని తన చేతిలో పెట్టుకుని, వెడల్పు చూసి వదిలేశాడు.

"నీ చెయ్యి దొన్నె. ఇది చేట. ఈ చూపుడు వేలేమిటమ్మా, సగానికి ఆగిపోయింది?"

వంగి చూశాను. ఆ మట్టిని నేను కొన్ని వందల సార్లు చూసి ఉంటాను. పగిలిందా లేదా అన్నదే చూశాను. ఎవరి చెయ్యి అని ఏనాడూ చూడలేదు. ఇంట్లో మనుషుల చేతుల్ని పరీక్షగా ఎవరు చూస్తారు?

మూడేళ్ళ కిందట గడ్డి కోసే మిషన్లో మా ఆయన కుడి చూపుడు వేలు రెండో కణుపు దాకా పోయింది.

తాత పార తీసుకుని కన్నం పక్కగా తవ్వాడు. జానెడు లోతులో ఎండిపోయిన కొక్కు ఒకటి ముడుచుకుని ఉంది. దాని ముందు నీలం రంగు గుళికలు నాలుగు, ఇప్పుడే డబ్బాలోంచి తీసినంత నిగనిగగా ఉన్నాయి. ఆ గట్టు వెంట పొట్టి వేలు గుర్తులు పందొమ్మిది లెక్కపెట్టాను. ఇరవయ్యోది చూడబుద్ధి కాలేదు.

ఒక మట్టి బిళ్ళని పారతో కింద నుంచి కోసి, గుర్తు చెదరకుండా కొంగులో పెట్టుకున్నాను.

"తల్లీ," అన్నాడు తాత, "కోపంలో నడిస్తే కాలు కన్నంలో పడుతుంది. చూసి నడు."

"పడాల్సింది ఎప్పుడో పడిపోయింది తాతా."

మా ఆయన పంపు షెడ్డులో పగిలిన పైపుకి రబ్బరు చుడుతున్నారు. నేను బోర్లించిన డ్రమ్ము మీద మట్టి బిళ్ళ పెట్టాను.

"ఏమండీ, మీ చెయ్యి ఒకసారి ఇందులో పెట్టండి."

"మట్టిగా ఉంది చెయ్యి."

"ఇదీ మట్టే."

ఆయన బిళ్ళ వంక చూశారు. రబ్బరు చుట్ట కింద పెట్టి, లుంగీకి చెయ్యి తుడుచుకున్నారు. తుడుచుకుంటూనే ఉన్నారు.

"పెట్టక్కర్లేదు. నాదే."

ఏదో ఒక అబద్ధం చెప్తారనుకుని, దాన్ని విరవడానికి దారి పొడుగునా మాటలు కూడగట్టుకుని వచ్చాను. అవన్నీ వృథా అయిపోయాయి.

"ఎప్పటి నుంచి?"

"పోయిన వానల నుంచి."

"అంటే కన్నాలు తగ్గడం మొదలైనప్పటి నుంచీ."

"మొదలు పెట్టాను కాబట్టే తగ్గాయి. నీ పొగకి కాదు తగ్గింది." అని, అన్నాక తానే నొచ్చుకున్నట్టు పక్కకి చూశారు.

"మరి ఇరవై రెండు మంది ముందు నేను గొంతు చించుకుంటూంటే మీరు కుర్చీలు వేశారు."

"వేశాను. మంచినీళ్ళు కూడా ఇచ్చాను."

"ఒకాయన ఇంటికెళ్ళి డబ్బా పారేశాడండీ! నా మాట నమ్మి! ఇప్పుడు ఆయన తోట కొక్కులు తవ్వుకుపోతుంటే, నాకు ఓపిక చాల్లేదు కాబోలు అనుకుంటూ కూర్చుని ఉంటాడు."

అత్తయ్య వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడింది. చేతిలో కూర తరుగుతున్న కత్తి అలాగే ఉంది. మట్టి బిళ్ళ చూసింది, కొడుకు చెయ్యి చూసింది. ఆవిడకి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"బాగుంది సంబరం! బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఎన్నాళ్ళు తాగావురా?"

"నువ్వుండమ్మా."

"నేనెందుకుండాలి? అది తెల్లారగట్ల లేచి మట్టి తొక్కుతుంటే నా కోడలు అంత గట్టిది ఇంకోర్తి లేదని ఊరంతా చెప్పుకొచ్చాను. నన్ను కూడా వెర్రిదాన్ని చేశావు."

నేను డ్రమ్ముకి ఆనుకుని నిలబడ్డాను.

"అది దేవుడికిచ్చిన మాట అండీ. మీకు తెలుసు. పిల్ల ప్రాణం కోసం ఇచ్చింది."

"ఇచ్చింది నువ్వు. ఆ కాగితం మీద నా సంతకం ఉందా?"

"నోరు కడుక్కోరా!" అంది అత్తయ్య.

"లేదమ్మా, అననీ. ఆరేళ్ళకి ఒకసారైనా అననీ." ఆయన గొంతు పెద్దది కాలేదు. చిన్నదైంది, దానికే నాకు భయం వేసింది. "ఆ రోజు మందు పెట్టింది ఎవరే?"

"ఇప్పుడదెందుకు? నేనెప్పుడైనా ఒక్క మాట అన్నానా మిమ్మల్ని?"

"అనలేదు. అదే చెప్తున్నా. నువ్వు నన్ను తిట్టి ఉంటే ఒక పూటలో అయిపోయేది. చెంప మీద కొట్టినా ఒక రోజులో వాపు దిగేది. నువ్వు మొక్కుకున్నావు. తిట్టుకి ముగింపు ఉంటుంది, మొక్కుకి లేదు. పొద్దున గేటు తీసుకుని వెళ్తాను, బోర్డు. సాయంత్రం గేటు తీసుకుని వస్తాను, బోర్డు. నేను దాన్ని చదవను. అదే నన్ను చదువుతుంది. ఈ తోటలోకి విషం రాదు. అంటే ఒకప్పుడు తెచ్చినవాడు ఒకడున్నాడని కదా!"

బోర్డు రాసినతనితో నేనన్న మాట గుర్తొచ్చింది. అక్షరాలు పెద్దవి రాయి, రోడ్డు మీంచి కనబడాలి అన్నాను. దేవుడికి రోడ్డు మీంచి చూడాల్సిన అవసరం ఏముంది? మరి ఎవరు చూడాలని రాయించాను? ఇన్నేళ్ళూ పొద్దున్నే దేవుడి ముందు నిలబడి మాట తప్పలేదు స్వామీ అని చెప్పుకున్నానే, అలా చెప్పుకుంటున్నప్పుడు నా చూపు ఒక్కసారైనా పక్కన నిలబడ్డ ఈ మనిషి మీదికి పోలేదా? పోయిందేమో. ఎందుకు పోయిందో నాకు తెలియదు అంటే అది కూడా ఒక అబద్ధమే అవుతుందేమో.

కానీ ఆ క్షణాన నాలో ఉన్నది పశ్చాత్తాపం కాదు. చేదు.

"అయితే నా మీద కసి తీర్చుకున్నారు. నేలలో పెట్టి."

"సగం కసి," అన్నారు. "సగం కాదు. వానల్లో నువ్వు కన్నాల పక్కన కూలబడి మట్టి పిసుకుతూ ఏడ్చేదానివి. చిన్నది నీ పక్కన కూర్చుని, ఊరుకో అమ్మా, రేపు తగ్గుతాయిలే అనేది. చూడలేకపోయాను. ఒక్కసారి తగ్గితే నువ్వు నవ్వుతావు కదా అని పెట్టాను. తగ్గాయి, నవ్వావు. ఇంక ఆపితే మళ్ళీ ఏడుస్తావు."

"జాలిపడ్డ మనిషి పక్కన కూర్చుని మట్టి పిసకాలండీ. అంతే చెయ్యాలి. నన్ను గెలిపించమని ఎవరడిగారు మిమ్మల్ని? ఓడిపోతే ఓడిపోయానని ఆ ఇరవై రెండు మందికీ చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నా గెలుపూ నాది కాదు, ఓటమీ నాది కాదు. మీరు పెట్టిన బొమ్మని నేను."

అత్తయ్య కత్తి ఉన్న చెయ్యి దించేసింది. "ఇద్దరూ ఇద్దరే," అని గొణిగింది. "కొక్కుకి రెండు గుమ్మాలుంటాయంటారు. మీ ఇద్దరి మధ్యా ఒక్కటీ లేకపోయిందే."

"ఆ పక్షి ఏం చేసిందండీ మిమ్మల్ని?" అన్నాను. "పైన నాలుగు పిల్లలున్నాయి. వాటికి నేనేం చెప్పాలి? మా ఆయన నా మీద జాలిపడ్డారని చెప్పనా?"

ఆయన తలెత్తారు. ఆ మొహంలో మొదటిసారి తప్పు చేసినవాడి చూపు పోయి, ఇంకేదో వచ్చింది.

"అది నేను కాదు."

"ఏది?"

"గుడ్లగూబ. అది గూట్లో చేరి గుడ్లు పెట్టిందని నువ్వు చెప్పిన రోజున ఆపేశాను. మందు తిన్న కొక్కుని తింటే అదీ పోతుందని నాకు తెలుసు. రెండు నెలలు దాటింది డబ్బా ముట్టుకుని."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు నాకే నచ్చలేదు.

"ఇది కూడా నమ్మాలా?"

"చిన్నదాని మీద ఒట్టు."

"దాని పేరెత్తకండి! ఈ మాటల్లోకి దాన్ని లాగకండి."

"అబ్బాయి అబద్ధం చెప్పట్లేదమ్మా."

పొగ తాత. ఎప్పుడొచ్చాడో, గుమ్మం బయట గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. రెండో చేతిలో గోనెపట్టా, పట్టాలో ఇంకో మట్టి బిళ్ళ.

"నువ్వు నాతో రాకుండా ఇటొచ్చేశావు. నేను మిగతావి తడుముకుంటూ పోయాను. అబ్బాయి మూసినవన్నీ ఎండి బీటలు వారాయి. కొన్నిటి మీద చీమలు దారులు కూడా వేసుకున్నాయి. రెండు నెలలంటే రెండు నెలలే. కానీ గూటి కర్రకి పది అడుగుల్లో, చిక్కుడు పందిరి నీడలో ఒక కన్నం ఉంది. దాని మట్టి పైన ఆరింది, లోపల ఇంకా పచ్చిగా ఉంది. వారం కూడా కాలేదు."

"తవ్వావా?"

"తవ్వాను. గుళికలు నాలుగు కాదు, గుప్పెడున్నాయి. తెలిసినవాడు అంత పొయ్యడు. ఎంత పొయ్యాలో తెలియని వాళ్ళే పోస్తారు."

బిళ్ళని డ్రమ్ము మీద, మా ఆయన చేతి గుర్తు పక్కన పెట్టాడు.

"నేను తడిమి చూశాను తల్లీ. నా కళ్ళ మీద నాకెలాగూ నమ్మకం లేదు. ఇవాళ వేళ్ళ మీద కూడా లేకపోతే బాగుండును. నువ్వు చూడు."

చూశాను. ఐదు వేళ్ళూ నిండుగా ఉన్నాయి. దొన్నె కాదు, చేట కాదు. నా అరచెయ్యి దాని మీద పెడితే మొత్తం కప్పేసి ఇంకా మిగిలింది. చిటికెన వేలు చివర మట్టి చిన్న చుక్కలా నొక్కుకుని ఉంది. గట్టిగా, పద్ధతిగా, నేను నేర్పినట్టే అద్దిన చెయ్యి.

మా ఆయన షెడ్డు మూలకి వెళ్ళారు. పాడైపోయిన స్ప్రేయరు పక్కకి జరిపి, దాని వెనక నుంచి రేకు డబ్బా ఒకటి తీశారు. చేతిలోకి తీసుకోగానే ఆయన మొహం మారిపోయింది. మూత తియ్యక ముందే బరువు తెలిసిపోయినట్టుంది.

"సగం పైగా ఉండాలి," అన్నారు. "సగం పైగా ఉంచాను."

మూత తీసి వంచారు. డ్రమ్ము మీద నీలం పొడి రాలింది, అంతే. ఒక్క గుళిక కూడా లేదు.

ఆయన మందు పెట్టి కన్నాలు మూస్తుంటే చిన్నది చూసి ఉంటుంది. ఏదో ఒక సాయంత్రం, పందిరి వెనక నుంచి. నాన్న అమ్మకి తెలియకుండా అమ్మకి సాయం చేస్తున్నాడు అనుకుని ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లకి అందులో తప్పేం కనబడుతుంది? రేపు తగ్గుతాయిలే అమ్మా అని నన్ను ఓదార్చిన పిల్ల. రెండేళ్ళప్పుడు తన నోట్లోకి ఏం పోయిందో దానికి మేమెవరం చెప్పలేదు. భయపడుతుందని చెప్పలేదు. ఈ ఇంట్లో చెప్పని మాటలన్నీ ఒకళ్ళ మీద జాలితోనే చెప్పలేదు.

"ఒక గుప్పెడు కన్నంలో ఉంది," అన్నాడు తాత మెల్లగా. "మిగతాది?"

నా వెనక కత్తి నేల మీద పడిన చప్పుడైంది. అత్తయ్య రెండు చేతులూ మొహం దగ్గరికి తెచ్చుకుని, తన వేళ్ళ వంకే చూసుకుంటోంది. సబ్బు పెట్టి తోమిన వేళ్ళు.

"రంగనుకున్నానే," అంది. "డ్రాయింగు రంగనుకున్నాను. పెన్సిలు డబ్బా నేనే సంచీలో పెట్టాను. గలగలమంది. ఇన్ని ఏమిటే లోపల అంటే, టీచరుకి చూపించాలి నాన్నమ్మా, మా స్కూలు తోటకి మన పద్ధతి అంది. సుద్దముక్కలు కాబోలు అనుకుని నేనే మూత బిగించి పెట్టాను."

ఆవిడ మాట పూర్తయ్యేలోపు మా ఆయన గేటు దగ్గరున్నారు. గేటు తియ్యడానికి కూడా ఆగలేదు, ఎక్కి దూకేశారు. ఆ దూకుడికి బోర్డు ఒక పక్క తెగి, ఒంటి తీగ మీద వేలాడుతూ ఊగింది. నేను చెప్పుల్లేకుండా ఆయన వెనక పరిగెత్తాను. దేవుడా అని కూడా అనలేకపోయాను. ఆరేళ్ళ కిందట అడగాల్సిందంతా అడిగేశాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?

రోడ్డు మలుపు తిరుగుతుంటే పొలాల మీదుగా స్కూలు గంట వినబడింది. పదిన్నర. పిల్లలందరూ తోట గట్టు మీద వరసగా కూర్చుని, చేతులు కడుక్కోకుండా టిఫిను డబ్బాలు తెరిచే వేళ.